చెరిపి చూసి, తిరిగి తెచ్చుకుని: ఒక హార్డ్‌వేర్ వాలెట్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు: పెట్టె తెరవకముందు

ఇన్నేళ్లుగా నా బిట్‌కాయిన్ అంతా ఒక ఎక్స్ఛేంజీ (క్రిప్టో కరెన్సీ కొని అమ్మే వేదిక) ఖాతాలోనే ఉంది. తెర మీద కనిపించే అంకె నాదే అయినా, దాన్ని కదిలించగల ప్రైవేట్ కీ, అంటే రహస్య సంఖ్య, మాత్రం ఎక్స్ఛేంజీ చేతిలోనే ఉంటుంది. 2014 ఫిబ్రవరిలో మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజీ, 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీ విత్‌డ్రాయల్స్ ఆపేసినప్పుడు ఖాతాదారులకు మిగిలింది ఆ అంకె ఒక్కటే. ఆ కీని నా దగ్గరికి తెచ్చుకోవాలని నిర్ణయించుకుని కీని దాచి ఉంచే చిన్న పరికరం, అంటే హార్డ్‌వేర్ వాలెట్, ఒకటి తెప్పించాను. పని మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకున్నాను: పరికరాన్ని నా చేతులతోనే చెరిపేసి, రాసి పెట్టుకున్న 24 పదాల (కీకి మూలమైన ఇంగ్లీషు పదాల వరుస) నుంచి అదే వాలెట్‌ను తిరిగి తెచ్చుకోగలిగేదాకా అందులోకి ఒక్క సతోషీ (బిట్‌కాయిన్‌లో అతి చిన్న భాగం) కూడా పంపకూడదు.

ఈ నియమం ఎందుకంటే, హార్డ్‌వేర్ వాలెట్‌లో నాణేలు ఉండవు. నాణేల లెక్క బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఖాతా పుస్తకం మీద ఉంటుంది, పరికరంలో ఉండేది ఆ లెక్కను మార్చడానికి కావలసిన సంతకం చేయగల రహస్య సంఖ్య. ఆ సంఖ్య ఇంటర్నెట్‌తో సంబంధమున్న కంప్యూటర్‌లోకి ఎన్నడూ రాకుండా, సంతకం లోపలే జరిగి, సంతకం మాత్రమే బయటికి వచ్చేలా చూడటమే ఈ పరికరం చేసే పని. రేపు ఆ పరికరం పాడవచ్చు, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, దాన్ని తయారుచేసిన సంస్థే మూతపడవచ్చు. అప్పుడు నా సొమ్ముకు, నాకు మధ్య మిగిలేవి కాగితం మీదో లోహం మీదో ఉన్న ఆ పదాలే. అవి పనిచేస్తాయని నమ్మడం వేరు, పనిచేయించి చూడటం వేరు.

పరికరాన్ని తయారీదారు సొంత వెబ్‌సైటు నుంచే కొన్నాను. ఇందుకోసం కొత్త ఈమెయిలు తెరిచాను, ఇంటి చిరునామా బదులు పార్సెల్ తీసుకునే కేంద్రం చిరునామా ఇచ్చాను. 2020లో లెడ్జర్ అనే హార్డ్‌వేర్ వాలెట్ల సంస్థ కస్టమర్ల వివరాలు బయటపడినప్పుడు రెండున్నర లక్షల మందికి పైగా కొనుగోలుదారుల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు అందరి కంటా పడ్డాయి. ఆ మరుసటి ఏడాది వారిలో కొందరికి నకిలీ పరికరాలు పోస్టులో వచ్చాయి కూడా. వాలెట్ ఎంత గట్టిదైనా, అది ఎవరింట్లో ఉందో చెప్పే జాబితా ఒకటి ఎక్కడో ఉంటుందన్నది మరిచిపోకూడని సంగతి.

2వ రోజు: ఫర్మ్‌వేర్

పెట్టె మీద సీలు చెక్కుచెదరలేదు, అయితే దానికి నేను పెద్దగా విలువ ఇవ్వడం లేదు. స్టిక్కర్‌ను వేడి గాలితో ఊడదీసి మళ్లీ అతికించడం అంత కష్టమైన పనేమీ కాదు. నేను వెతికింది వేరు: లోపల ముందే పదాలు రాసి ఉన్న కార్డు ఉందా, పరికరంలో ముందే పిన్ పెట్టి ఉందా అని. అలాంటి కార్డు కనిపిస్తే ఆ పరికరాన్ని వాడకూడదు, ఎందుకంటే ఆ పదాలు దాన్ని పంపినవాడి దగ్గర కూడా ఉంటాయి. కొన్నవారు అందులో సొమ్ము వేసే క్షణం కోసమే అతడు ఎదురుచూస్తూ ఉంటాడు. నా పెట్టెలో ఉన్న కార్డులు ఖాళీగానే ఉన్నాయి.

పరికరంలో నడిచే ఫర్మ్‌వేర్‌ను, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్‌ను, కొత్తదానికి మార్చడానికి ముందు, దిగుమతి చేసుకున్న ఫైలు నిజంగా తయారీదారు విడుదల చేసినదేనా అని మూడు మెట్లలో చూశాను. మొదట వారి సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీని తెచ్చుకుని, దాని ఫింగర్‌ప్రింట్‌ను, అంటే ఆ కీని గుర్తించే పొట్టి సంకేతాన్ని, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల ప్రచురించిన దానితో అక్షరం అక్షరం పోల్చాను. తర్వాత హ్యాష్‌ల (ఫైలు కాస్త మారినా మారిపోయే గుర్తింపు సంఖ్యల) జాబితా మీద ఉన్న సంతకం ఆ కీతోనే చేసిందో లేదో చూశాను. చివరికి నా ఫైలుకు షా-256 అనే పద్ధతిలో హ్యాష్ లెక్కకట్టి, అది జాబితాలోని విలువతో సరిపోయిందని తేల్చుకున్నాను.

రెండో మెట్టులో చాలామంది తడబడతారని అనిపించింది. సంతకం సరైనదే అని చెప్పిన ప్రోగ్రామే, ఆ వెంటనే ఈ కీ ఫలానావారిదని రూఢి చేసే ఆధారం లేదని హెచ్చరిస్తుంది. అది దోషం కాదు. ఆ కీ యజమాని ఎవరో ప్రోగ్రామ్‌కు తెలియదు, ఆ నిర్ణయాన్ని మనకు వదిలేస్తుంది. అందుకే మొదటి మెట్టులో ఫింగర్‌ప్రింట్‌ను రెండు చోట్ల చూడటం కీలకం. ఒకే సైటు నుంచి ఫైలునూ, కీనీ, హ్యాష్‌నూ తెచ్చుకుని ఒకదాంతో ఒకటి పోలిస్తే, ఆ సైటునే ఎవరైనా ఆక్రమించిన రోజున మూడూ చక్కగా సరిపోతాయి.

3వ రోజు: పాచికలు

ఈ రోజంతా పదాల పుట్టుక మీదే గడిచింది. 2013లో వచ్చిన బిప్-39 అనే ప్రమాణంలో 2048 ఇంగ్లీషు పదాల జాబితా ఉంది. 2048 అంటే రెండుకు పదకొండో ఘాతం కాబట్టి ఒక్కో పదం 11 బిట్లను మోస్తుంది. 24 పదాలు కలిస్తే 264 బిట్లు, అందులో 256 యాదృచ్ఛికమైనవి, మిగిలిన 8 చెక్‌సమ్, అంటే పదాల్లో తప్పు పడితే పట్టించే బిట్లు. ఆ 256 బిట్లు నిజంగా ఎవరి ఊహకూ అందనివి అయినప్పుడే తర్వాత మనం తీసుకునే జాగ్రత్తలన్నింటికీ అర్థం ఉంటుంది.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2023లో ‘మిల్క్ సాడ్’ అనే పేరుతో ఒక లోపం వెలుగులోకి వచ్చింది. లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామ్ కొత్త సీడ్ (పదాలకు మూలమైన రహస్య సంఖ్య) తయారుచేసే ఆదేశంలో 32 బిట్ల యాదృచ్ఛికతను మాత్రమే వాడుతోందని తేలింది. సమయాన్ని సున్నాగా పెట్టి దాన్ని నడిపితే వచ్చే పదాల్లో మొదటి రెండూ మిల్క్, సాడ్ కావడంతో ఆ పేరు స్థిరపడింది. 32 బిట్లంటే దాదాపు 429 కోట్ల అవకాశాలు. మనిషికి అది అంతులేని సంఖ్యగా తోచినా, కంప్యూటర్ ఒక్కొక్కటిగా ప్రయత్నించి ముగించగల సంఖ్య. దారుణం ఏమిటంటే, అలా పుట్టిన 24 పదాలు చూడటానికి మామూలు 24 పదాల్లాగే ఉంటాయి. పదాలను చూసి వాటి బలహీనతను కనిపెట్టలేం, చాలాసార్లు అది సొమ్ము పోయిన రోజునే తెలుస్తుంది.

నా పరికరంలోని యాదృచ్ఛిక సంఖ్యల యంత్రాంగం బాగానే ఉండి ఉండవచ్చు. అయినా అది పాచికలను కూడా స్వీకరిస్తుంది కనుక ఆ దారినే ఎంచుకున్నాను. ఆరు ముఖాల పాచికను ఒకసారి వేస్తే 2.58 బిట్లకు కాస్త పైన వస్తుంది, 99 సార్లు వేస్తే దాదాపు 256 బిట్లు అవుతాయి. పాచిక కొద్దిగా ఒక వైపు మొగ్గినా, 99 సార్లు వేసేసరికి మిగిలే అనిశ్చితి చాలినంతకు మించే ఉంటుంది.

పరికరం నా పాచికలను నిజంగా వాడుతోందా, లేక వాటిని పక్కన పడేసి తన సొంత సంఖ్య చూపిస్తోందా అన్న అనుమానం తీరాలి. అందుకు ముందుగా ఒక ఉత్తుత్తి ప్రయోగం చేశాను. 99 అంకెలను కాగితం మీద రాసుకుని పరికరంలో నొక్కాను, అవే అంకెలను ఇంటర్నెట్ లేని పాత ల్యాప్‌టాప్‌లో ఒకే వరుసగా ఇచ్చి షా-256 లెక్కకట్టి, ఆ ఫలితాన్ని పదాలుగా మార్చాను. ఇరవై నాలుగూ సరిపోయాయి. ఆ పదాలను ఇక ఎన్నడూ వాడకూడదు, ఎందుకంటే అవి కంప్యూటర్‌ను తాకాయి. అసలు వరుస కోసం పాచికలను మళ్లీ 99 సార్లు వేశాను. ఈసారి ఏ అంకెనూ రాయలేదు, వేసింది వేసినట్టు నేరుగా పరికరంలోనే నొక్కాను. తెర మీద వచ్చిన పదాలను పెన్సిలుతో రాసుకున్నాను. పుస్తకంలో రాస్తే కింది పేజీ మీద అచ్చు పడుతుందని, విడి కాగితాన్ని గాజు పలక మీద పెట్టి రాశాను. గదిలో ఉన్న ఫోన్‌ను, కెమెరా ఉన్న ప్రతి వస్తువును అంతకుముందే బయట పెట్టాను.

వాలెట్ ఫింగర్‌ప్రింట్‌ను, అంటే మాస్టర్ కీ నుంచి వచ్చే 8 అక్షరాల గుర్తును, మొదటి మూడు స్వీకరణ అడ్రస్‌లను (సొమ్ము అందుకునే చిరునామాలను) వేరే కాగితం మీద రాసుకున్నాను. వీటిలో సొమ్మును కదిలించే రహస్యం ఏదీ లేదు. తిరిగి వచ్చిన వాలెట్ పాతదేనా అని పోల్చుకోవడానికి ఇవే ఆధారం.

4వ రోజు: మొదటి చెరిపివేత

పరికరాన్ని ఫ్యాక్టరీ స్థితికి చెరిపేశాను. లోపల డబ్బేమీ లేదని తెలిసినా ఆ బటన్ నొక్కేటప్పుడు చెయ్యి ఆగింది.

కాగితం ముందు పెట్టుకుని 24 పదాలూ ఎక్కించాను. పరికరం వాటిని తిరస్కరించింది, చెక్‌సమ్ సరిపోలేదు. ఇంకోసారి నెమ్మదిగా ఎక్కించినా అదే ఫలితం. నేను రాసుకున్న కాగితం, నేను పూర్తిగా నమ్మిన కాగితం, చెల్లలేదు.

కూర్చుని లెక్క వేశాను. ఒక్క పదమే తప్పయి ఉంటే, అది 24 స్థానాల్లో ఏదైనా కావచ్చు, దాని బదులు ఉండాల్సింది మిగిలిన 2047 పదాల్లో ఏదైనా కావచ్చు. అంటే 49,128 అవకాశాలు. చెక్‌సమ్ 8 బిట్లు కాబట్టి ప్రతి 256 వరుసల్లో ఒకటి యాదృచ్ఛికంగానే నెగ్గుతుంది. ఈ లెక్కన దాదాపు 192 వరుసలు ‘చెల్లేవి’గా తేలతాయి, వాటిలో నాది ఒక్కటే. వాటిని జల్లెడ పట్టాలంటే పదాలను కంప్యూటర్‌కు ఇవ్వాలి. ఇస్తే ఆ క్షణమే ఆ వరుస పనికిరాకుండా పోతుంది.

కంప్యూటర్ వైపు వెళ్లకుండా నా చేతిరాతనే అనుమానించాను. తొమ్మిదో పదం దగ్గర దొరికింది. నేను చిన్నబడి అక్షరాల్లో రాసిన ‘వాక్’ అనే పదంలో పెన్సిలు మొద్దుబారడంతో చివరి ‘కే’ అక్షరపు వాలు గీతలు దాదాపు కనిపించకుండా పోయి, అది ‘ఎల్’లా చదివేలా ఉంది. మొదటి మూడు అక్షరాలు నొక్కగానే పరికరం వాక్, వాల్, వాల్‌నట్ అనే మూడు పదాలు చూపించింది. రెండుసార్లూ నేను ‘వాల్’ ఎంచుకున్నాను. ఈసారి ‘వాక్’ ఎంచుకుంటే వరుస నెగ్గింది, 8 అక్షరాల గుర్తు సరిపోయింది, మూడు అడ్రస్‌లూ అవే వచ్చాయి.

పదకొండేళ్ల తర్వాత, పెన్సిలు గీత మరింత మాసిపోయాక, తొమ్మిదో పదమే దోషి అని నాకు తట్టేదా? నాకు నమ్మకం లేదు. ఈ ఒక్క మధ్యాహ్నం మొత్తం ప్రాజెక్టుకు చాలినంత ఫలితం ఇచ్చిందని అనుకుంటున్నాను. అదే 12 పదాల వరుస అయితే చెక్‌సమ్ 4 బిట్లే, అంటే తప్పుడు వరుస నెగ్గే అవకాశం 16లో ఒకటి. అలా నెగ్గితే పరికరం ఏ అభ్యంతరమూ చెప్పకుండా ఒక కొత్త ఖాళీ వాలెట్‌ను తెరుస్తుంది, చూసినవారు సొమ్ము పోయిందనే అనుకుంటారు. ఫింగర్‌ప్రింట్ విడిగా రాసి పెట్టుకోవడం ఎంత అవసరమో అప్పుడు అర్థమవుతుంది.

ఆ వరుసను ఆ సాయంత్రమే రద్దు చేశాను, కనుకనే దానిలోని పదం ఇక్కడ రాయగలుగుతున్నాను.

5వ రోజు

మళ్లీ 99 సార్లు పాచిక, కొత్త వరుస. ఈసారి పెన్నుతో, అన్నీ పెద్దబడి అక్షరాలతో, ప్రతి పదం పక్కన దాని వరుస సంఖ్యతో రాశాను. చెరిపి తిరిగి తెచ్చాను, ఒకేసారికి వచ్చింది. తర్వాత వేరే తయారీదారు పరికరం ఒకటి అరువు తెచ్చి కాదు, కొని, అందులోనూ అవే పదాలు ఎక్కించాను. అక్కడ మొదట వేరే అడ్రస్‌లు కనిపించాయి, ఎందుకంటే అది పాత రకం ఖాతాను తెరిచింది. బిప్-84 అనే ప్రమాణం చెప్పే దారికి (పదాల నుంచి అడ్రస్‌లు పుట్టించే క్రమానికి) మార్చగానే బీసీ1క్యూ అని మొదలయ్యే నా అడ్రస్‌లే వచ్చాయి. ఏ దారిలో ఖాతా ఉందో కూడా పదాలతో సమానంగా రాసి ఉంచాల్సిన విషయమే.

7వ రోజు: వాషర్లు

కాగితం నిప్పుకూ నీటికీ ఆగదు. అమ్మే లోహపు పలకలు ఉన్నాయి గానీ, స్టెయిన్‌లెస్ స్టీలు వాషర్ల మీద అక్షరాల పంచ్‌లతో కొట్టి, వాటిని వరుసగా ఒక బోల్టుకు ఎక్కించి నట్టు బిగించే పద్ధతి నాకు నచ్చింది. తక్కువ సామానుతో అయిపోతుంది, ఏం కొన్నారో చూసినా ఎందుకు కొన్నారో ఎవరికీ తెలియదు. అల్యూమినియం మెత్తన కాబట్టి కొట్టడం తేలిక, అయితే అది 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు 1400 డిగ్రీల దాకా నిలుస్తుంది. ఇల్లు కాలిన మంటల్లో మిగలాలంటే స్టీలే కావాలి.

మొదటి ఆరు వాషర్లు పాడయ్యాయి. చెక్క బల్ల మీద పెట్టి కొడితే వాషర్ ఎగిరిపడి అక్షరం రెండుసార్లు పడింది. బరువైన ఇనుప దిమ్మెను దాగలిగా కింద పెట్టి, కిలో బరువున్న సుత్తితో ఒక్కటే దెబ్బ వేస్తేనే అక్షరం శుభ్రంగా లోతుగా దిగింది. రెండో దెబ్బ వేయాలన్న ఆశను అణచుకోవాలి. చెవులకు రక్షణ, కళ్లజోడు తప్పనిసరి.

జాబితాలోని ప్రతి పదాన్నీ మొదటి నాలుగు అక్షరాలతోనే గుర్తించవచ్చు, కాబట్టి ఒక్కో వాషర్ మీద నాలుగు అక్షరాలు కొడితే చాలు. కానీ మూడక్షరాల పదాలతో ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషులో మూడక్షరాల ‘యాక్ట్’ జాబితాలో ఉంది, అవే మూడు అక్షరాలతో మొదలయ్యే యాక్షన్, యాక్టర్ కూడా ఉన్నాయి. వాషర్ మీద మూడక్షరాలే కనిపిస్తే, పదం అంతటితో ముగిసిందా, లేక నాలుగో అక్షరం కొట్టడం మరిచారా అన్నది చదివేవారికి తెలియదు. అందుకని మూడక్షరాల పదం వస్తే నాలుగో చోట ఒక చుక్క కొట్టాలని నిర్ణయించాను. నా వరుసలో అలాంటి పదం ఉందో లేదో ఇక్కడ రాయను. వెనక వైపు వరుస సంఖ్య కొట్టాను, బోల్టు ఊడి వాషర్లు చెల్లాచెదురైనా వరుస పోదు.

ఇలాంటి సెట్లు రెండు చేశాను. ఒక్కో సెట్టు నుంచీ, కాగితం చూడకుండా, విడివిడిగా పరికరాన్ని తిరిగి తెచ్చి చూశాకే కాగితాన్ని కాల్చేశాను. పాడైన వాషర్లను అక్షరాలు కనిపించకుండా అరగదీశాను.

8వ రోజు: పిన్, పాస్‌ఫ్రేజ్

పిన్ సంగతి తొందరగానే తేలింది. ఇంకెక్కడా వాడని ఎనిమిది అంకెలు పెట్టాను. కొన్ని పరికరాలు 3 తప్పు ప్రయత్నాలకే చెరిగిపోతాయి, కొన్ని 16 దాకా ఊరుకుంటాయి. పదాలు భద్రంగా ఉన్నప్పుడు చెరిగిపోవడం ప్రమాదం కాదు.

పాస్‌ఫ్రేజ్ దగ్గర మాత్రం రోజంతా తటపటాయించాను. 24 పదాలకు మనం సొంతంగా చేర్చే ఈ మాట పరికరంలో నిల్వ ఉండదు. పదాలూ అదీ కలిసినప్పుడే అసలు వాలెట్ తెరుచుకుంటుంది. 2020 జనవరిలో క్రాకెన్ ఎక్స్ఛేంజీ భద్రతా పరిశోధకులు అప్పటి ట్రెజర్ హార్డ్‌వేర్ వాలెట్లు చేతికి చిక్కితే సుమారు 15 నిమిషాల్లో లోపలి సీడ్‌ను బయటికి తీయవచ్చని చూపించారు, బలమైన పాస్‌ఫ్రేజ్ ఉన్నవారికి ఆ దాడి నుంచి రక్షణ ఉంటుందనీ చెప్పారు. నా వాషర్లు ఎవరికైనా దొరికినా ఇదే రక్షణ వర్తిస్తుంది.

అయితే పాస్‌ఫ్రేజ్‌కు చెక్‌సమ్ లేదు. ఒక్క అక్షరం తప్పినా, చివర ఒక ఖాళీ ఎక్కువైనా, పరికరం ఏమీ అనకుండా మరో ఖాళీ వాలెట్‌ను చూపిస్తుంది. తెలివైన పాస్‌ఫ్రేజ్ ఒకటి తలలోనే పెట్టుకుని, కొన్నేళ్లకు అందులో ఏ అక్షరం పెద్దబడో గుర్తురాక సొంత సొమ్ముకే దూరమయ్యే ముప్పు, దొంగ ముప్పు కన్నా నాకు దగ్గరగా కనిపించింది. జ్ఞాపకం మీద ఆధారపడే రహస్యం పెట్టుకోకూడదన్నది నా నిశ్చయం. అందుకని పాచికలతో 7776 పదాల జాబితా నుంచి ఆరు పదాలు తీసి, అన్నీ చిన్నబడి అక్షరాల్లో, మధ్య ఒక్కొక్క ఖాళీతో పెట్టాను. అవి దాదాపు 77 బిట్లు ఇస్తాయి. వాటినీ స్టీలు మీదే కొట్టి, 24 పదాలు లేని మూడో చోట ఉంచాను. పాస్‌ఫ్రేజ్‌తో తెరిచిన వాలెట్‌కు వేరే ఫింగర్‌ప్రింట్ వస్తుంది, దాన్నీ రాసుకున్నాను. ప్రతిసారీ తెరిచాక ముందు చూసేది ఆ గుర్తునే.

10వ రోజు: మొదటి యాభై వేల సతోషీలు

పరికరం నుంచి పబ్లిక్ కీని మెమరీ కార్డు ద్వారా కంప్యూటర్‌లోకి తెచ్చి, చూడటానికి మాత్రమే పనికొచ్చే వాలెట్ ఒకటి తయారుచేశాను. అది అడ్రస్‌లు చూపగలదు, నిల్వ లెక్కించగలదు, సంతకం చేయలేదు. సంతకం చేయలేకపోయినా ఆ పబ్లిక్ కీని ఎవరికీ ఇవ్వకూడదు, అది ఉన్నవారికి నా అడ్రస్‌లన్నీ, ఇకముందు రాబోయేవి సహా, తెలిసిపోతాయి.

స్వీకరణ అడ్రస్‌ను కంప్యూటర్ తెర మీద చూసి సరిపెట్టుకోలేదు, పరికరం తెర మీద కూడా తెరిచి మొత్తం అక్షరాలన్నీ పోల్చాను. కాపీ చేసిన అడ్రస్‌ను అతికించేలోపు దొంగ అడ్రస్‌తో మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు మాత్రమే చూసే అలవాటును వాడుకోవడానికి, అవే సరిపోయేలా అడ్రస్‌లు తయారుచేసి లావాదేవీల చరిత్రలో జొప్పించేవారూ ఉన్నారు. పాత లావాదేవీ నుంచి అడ్రస్ కాపీ చేసే అలవాటును ఈ రోజుతో మానేశాను.

50,000 సతోషీలు వచ్చాయి. ఆరు నిర్ధారణలు (ఆ లావాదేవీ ఉన్న బ్లాకుతో కలిపి ఆరు బ్లాకులు) పడేదాకా, అంటే గంట సుమారు, ఆగాను. ఆపైన లోపల సొమ్ము ఉండగానే పరికరాన్ని మళ్లీ చెరిపి, వాషర్ల నుంచి తిరిగి తెచ్చాను. నిల్వ అలాగే ఉంది. ఉంటుందని తెలుసు, అయినా చూశాక వచ్చిన స్థిమితం వేరు.

తర్వాత 20,000 సతోషీలను నా ఫోన్ వాలెట్‌కు పంపాను. ఒక ఇన్‌పుట్ (ఖర్చయ్యే సొమ్ము), రెండు అవుట్‌పుట్‌లు (ఫోన్‌కు వెళ్లేది, నాకు తిరిగి వచ్చేది) ఉన్న ఈ రకం లావాదేవీ సుమారు 141 వర్చువల్ బైట్లు (రుసుము లెక్కకు వాడే పరిమాణం) ఉంటుంది. బైటుకు 4 సతోషీల చొప్పున రుసుము 564, మిగిలిన 29,436 నా సొంత వాలెట్‌లోని చేంజ్ అడ్రస్‌కు తిరిగి రావాలి. లెక్కను ముందే కాగితం మీద వేసుకుని పరికరం తెరతో పోల్చాను. చేంజ్ అడ్రస్ తనదేనని పరికరం స్వయంగా గుర్తించి చెప్పింది. అలా చెప్పకుండా దాన్ని కూడా పరాయి అడ్రస్‌గా చూపించి ఉంటే సంతకం చేసేవాణ్ని కాదు, మిగిలిన సొమ్ము ఎటు పోతోందో తెలియకుండా పంపినట్టే అవుతుంది కదా.

16వ రోజు: మిగతా సొమ్ము, ఈథర్

ఎక్స్ఛేంజీలోని బిట్‌కాయిన్‌ను మూడు విడతలుగా, ప్రతి విడతకూ కొత్త అడ్రస్‌తో తరలించాను. అందులో రాయదగ్గ విశేషమేమీ లేదు, ఇన్ని రోజుల సాధన ఉద్దేశం కూడా అదే.

ఈథర్ (ఎథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్ నాణెం) విషయంలో మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. బిట్‌కాయిన్ లావాదేవీలో ఎంత, ఎవరికి అన్న రెండు ప్రశ్నలకూ పరికరం తెర మీద జవాబు దొరుకుతుంది. ఎథీరియం కాంట్రాక్టులతో (ఆ బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాములతో) వ్యవహరించేటప్పుడు చాలాసార్లు తెర మీద కనిపించేది అర్థం కాని డేటా మాత్రమే. దానికి సంతకం చేయడాన్ని బ్లైండ్ సైనింగ్ అంటారు, గుడ్డిగా వేలిముద్ర వేయడం లాంటిదే. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ పోయినప్పుడు అక్కడ కూడా పలువురు సంతకాలు చేసే ఏర్పాటు ఉంది, హార్డ్‌వేర్ వాలెట్లూ ఉన్నాయి. సంతకం చేసినవారి కంప్యూటర్ తెర మీద మామూలు బదిలీలా కనిపించిన లావాదేవీ, నిజానికి వాలెట్ నియంత్రణనే దొంగలకు అప్పగించింది. పరికరం కీని కాపాడింది, కానీ ఆ కీతో ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో చెప్పలేకపోయింది.

నా పరికరంలో బ్లైండ్ సైనింగ్‌ను ఆపివేశాను. ఈ వాలెట్‌లో ఈథర్‌ను దాచుకుంటాను, కాంట్రాక్టులతో వ్యవహారం ఉంటే తక్కువ సొమ్ముతో వేరే వాలెట్ నుంచి చేస్తాను. ఆ రెండో వాలెట్‌లో గతంలో ఇచ్చిన టోకెన్ అనుమతులను (నా టోకెన్లను కదిలించడానికి కాంట్రాక్టులకు ఇచ్చిన హక్కులను) కూడా వెతికి రద్దు చేశాను. పరిమితి లేకుండా ఇచ్చినవి రెండు కనిపించాయి.

23వ రోజు: ఉత్తరం

నేను లేని రోజున ఇదంతా మా చెల్లెలికి అందాలి. ఏ వస్తువు ఎక్కడ ఉంది, ఏ క్రమంలో ఏం చేయాలి అని నాలుగు పేజీల ఉత్తరం రాశాను. రాసిన ఉత్తరాన్ని కూడా చెరిపి చూడాల్సిందే అనిపించి, ఉత్తుత్తి పదాలతో ఒక వాషర్ల సెట్టు, ఖాళీగా ఉన్న రెండో పరికరం, ఆ ఉత్తరం ఆమె ముందు పెట్టి, నేను సాయం చేయనని చెప్పి పక్కన కూర్చున్నాను.

రెండో పేజీ దగ్గర ఆగింది. “అన్నయ్యా, ఇక్కడ ఫింగర్‌ప్రింట్ సరిపోవాలి అని రాశావు. అది నీ వేలిముద్రా, నాదా?”

సమాధానం చెప్పబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్న వచ్చే రోజున నేను ఉండను. ఉత్తరమంతా వెతికి ఆ మాటను ‘8 అక్షరాల గుర్తు’ అని మార్చాను.

మూడో పేజీ చదివి ఆమె తన ఫోన్ అందుకుంది. “ఈ పదాలు దేంట్లో కొట్టాలో రాయలేదుగా. వెతికితే ఏదైనా యాప్ దొరుకుతుందేమో చూస్తా ఆగు.”

నాలుగు పేజీల్లో ఆ ఒక్క వాక్యం లేదు. ఈ పదాలను ఫోన్‌లో గానీ, కంప్యూటర్‌లో గానీ, ఏ వెబ్‌సైటులో గానీ టైపు చేయవద్దని, ఫొటో తీయవద్దని, వాటిని అడిగేవారు సంస్థ ప్రతినిధినని చెప్పినా సరే మోసగాళ్లేనని నాకు ఎంత సహజంగా తెలుసంటే, రాయాలనే తోచలేదు. ఇన్ని రోజులుగా నేను కట్టిన ఏర్పాటంతా ఆ యాప్‌తో నిమిషంలో కూలిపోయి ఉండేది. ఆ వాక్యాన్ని ఇప్పుడు మొదటి పేజీలో అన్నింటికన్నా పైన పెట్టాను.

30వ రోజు

సవరించిన ఉత్తరంతో చెల్లెలు మళ్లీ మొదటి నుంచి చేసింది. ఈసారి నేను పక్క గదిలో ఉన్నాను. యాభై నిమిషాల తర్వాత పిలిచి 8 అక్షరాలూ ఒక్కొక్కటే చదివింది, ఎనిమిదీ సరిపోయాయి. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా రాలేదు, అయితే ఉత్తరం అంచుల్లో పెన్సిలుతో ఏడు చోట్ల ఏదో రాసి ఉంచింది: ఒకచోట వాషర్‌ను ఏ వైపు నుంచి చదవాలో బొమ్మ, ఒకచోట చుక్క అంటే పదం అయిపోయిందని, ఒకచోట తొందరపడకు అని. వాటిని కలుపుకుని మూడో ప్రతిని ఆమెనే తన మాటల్లో రాయమన్నాను. నాది పక్కన పెట్టి ఆమె రాసిన ప్రతినే సీలు సంచిలో ఉంచాను. సంచి నంబరు ఆమె దగ్గరా నా దగ్గరా ఉంది, ఆరు నెలల తర్వాత ఇద్దరం కలిసి దాన్ని తెరిచి మరోసారి చేసి చూస్తాం.